లాంగ్‌సోర్డ్ స్పారింగ్‌లో బొటనవేలు విరిగింది: స్ప్లింట్ తీసేశాక మళ్లీ కత్తి పట్టడం ఎలా?

ప్రశ్న: లాంగ్‌సోర్డ్ అభ్యాసి

నేను కొన్నేళ్లుగా లాంగ్‌సోర్డ్ (రెండు చేతులతో పట్టే పొడవాటి కత్తి) సాధన చేస్తున్నాను. ఉక్కు ఫెడర్లతో, అంటే మొద్దు అంచు ఉండే సాధన కత్తులతో, స్పారింగ్ (స్వేచ్ఛగా సాగే అభ్యాస పోరు) చేస్తుండగా ఎదుటివారి వేటు నా కుడిచేతి మీద పడి బొటనవేలి మొదటి ఎముక విరిగింది. పిడి మీద అడ్డుకడ్డీకి దగ్గరగా ఉండే చెయ్యి అదే కాబట్టి, వేలు ఎదుటి కత్తి అలుగుకూ నా పిడికీ మధ్య చిక్కి నలిగింది. ఎముక ముక్కలు పక్కకు జరగలేదు గనుక శస్త్రచికిత్స చేయకుండా స్ప్లింట్‌తోనే నయం చేశారు. ఇప్పుడు ఆ స్ప్లింట్ కూడా తీసేశారు. ఎక్స్‌రేలో ఎముక అతికినట్లు కనిపిస్తున్నదని, రోజువారీ పనులకు చేతిని వాడుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. కత్తిసాధన సంగతి అడిగితే, నొప్పి లేకపోతే మెల్లగా మొదలుపెట్టమన్నారు.

ఆ ‘మెల్లగా’ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నాకు తెలియడం లేదు. ప్రస్తుతం బొటనవేలి చివరి కణుపు సగమే వంగుతున్నది. ఉదయం లేచేసరికి వేలు బిగుసుకుపోయి ఉంటుంది. సీసా మూత తిప్పడానికి బలం చాలడం లేదు. ఖాళీ చేతితో అడుగుల సాధన చేసుకుంటున్నాను గానీ, ఫెడర్ ఎత్తి ఒక్క వేటు వేసి ఆపేసరికి బొటనవేలి మొదట్లో పీకినట్లు అనిపించింది. ఒంటరి సాధనకు, జంట సాధనకు, స్పారింగ్‌కు ఎప్పుడెప్పుడు వెళ్లవచ్చు? ఉక్కు బదులు నైలాన్ కత్తితో ముందుగా స్పారింగ్ మొదలుపెట్టవచ్చా? మరింత గట్టి గ్లౌవ్స్ కొనుక్కుంటే సరిపోతుందా? ఈలోగా తక్కిన శరీరం పట్టు తప్పకుండా ఏం చేయాలి?

ఇంకొక్క విషయం కూడా చెప్పాలి. చెయ్యి విరగడానికి కాస్త ముందు మాస్క్ మీద ఒక బలమైన వేటు పడి తల దిమ్మెక్కింది. చేతి గాయం హడావిడిలో ఆసుపత్రిలో దాని ప్రస్తావన రాలేదు.

సమాధానం: చేతి ఫిజియో

అభ్యాసి గారూ, నేను చేతి గాయాల పునరావాసంలో పనిచేసే ఫిజియోథెరపిస్టును, కత్తిసాధన కూడా చేస్తాను. మీ చేతిని చూడకుండా రాస్తున్నాను కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా మీకు చికిత్స చేసేవారిని అడిగి నిర్ధారించుకోవలసిన విషయంగానే తీసుకోండి.

ఎక్స్‌రే ఎముక గురించి మాత్రమే చెబుతుంది. అతికిన చోట ఎముక తన పాత గట్టితనాన్ని మళ్లీ కూర్చుకునే పని స్ప్లింట్ తీసిన తర్వాత కూడా నెలల తరబడి సాగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, వారాల తరబడి కదలకుండా ఉన్న వేలిలో కీలు చుట్టూ ఉండే పొర కుంచించుకుపోతుంది, విరిగిన చోటును ఆనుకుని పోయే స్నాయువులు మచ్చ కణజాలానికి అంటుకుంటాయి, ముంజేతి కండరాలు సన్నబడతాయి. మీ చివరి కణుపు సగమే వంగడానికీ, ఉదయపు బిగువుకూ కారణం చాలావరకు ఇదే. కనుక మొదటి పని బలం పెంచడం కాదు, కదలికను తిరిగి రాబట్టడం. బిగుసుకున్న వేలితో బలపు వ్యాయామాలు మొదలుపెట్టినవారు, ఆ వేలు చేయవలసిన పనిని మణికట్టుతోనూ మోచేతితోనూ చేయడం అలవాటు చేసుకుంటారు. కొద్దికాలానికి మోచేతి వెలుపలి స్నాయువు నొప్పితో వస్తారు.

కదలిక కోసం చేయవలసింది చాలా సాధారణమైనది. గోరువెచ్చటి నీటిలో చేతిని కాసేపు ఉంచి, ఎడమచేతితో బొటనవేలి మొదటి ఎముకను కదలకుండా పట్టుకుని, చివరి కణుపును మాత్రమే వంచి చాచండి. తర్వాత మధ్య కీలును కూడా అదే పద్ధతిలో చేయండి. ఒకేసారి అరగంట చేయడం కన్నా రోజులో ఐదారు సార్లు కొద్దికొద్దిగా చేయడం మేలు. చేసిన తర్వాత వేలు వాచి, మరునాటికి కూడా వాపు తగ్గకపోతే మోతాదు ఎక్కువైందన్నమాట.

ప్రగతిని కొలుచుకోవడానికి మేము కపాంజీ కొలమానం వాడతాము. 1986లో ప్రచురితమైన ఈ పద్ధతికి ఏ పరికరమూ అక్కరలేదు. బొటనవేలి కొనతో చూపుడువేలి కొనను తాకగలిగితే 3, మధ్యవేలి కొనకు 4, ఉంగరపు వేలికి 5, చిటికెన వేలి కొనకు 6. అక్కడి నుంచి చిటికెన వేలి మీదుగా కిందికి జరుగుతూ, అరచేతిలో వేళ్ల మొదళ్లకు దగ్గరగా ఉండే అడ్డగీతను తాకితే 10. రెండు చేతులకూ చూసుకోండి. గాయపడిన చెయ్యి రెండో చేతికి ఒక్క అంకె తేడాలోకి వచ్చేవరకు పిడి పట్టుకునే సాధనను నేను మొదలుపెట్టించను.

బలం విషయంలో కూడా క్రమం ఉంది. మొదట కీలు కదలకుండా కండరాన్ని బిగించడం: బొటనవేలిని మెత్తటి పుట్టీ మీద గానీ స్పాంజి బంతి మీద గానీ నొక్కి కొన్ని క్షణాలు నిలపడం. అది నొప్పి లేకుండా సాగాక రబ్బరు పట్టీ వేసి వేలిని బయటికి తెరవడం, ఆపైన తాళంచెవి పట్టుకున్నట్లు చూపుడువేలి పక్కకు ఆనించి నొక్కడం. పిడికిలి బలాన్ని డైనమోమీటరుతో కొలిపించుకోండి. స్పారింగ్‌కు ముందు గాయపడిన చెయ్యి రెండో చేతి బలంలో కనీసం 90 శాతానికి చేరాలని చూస్తాము. కుడిచేతి వాటం వారికి కుడిచెయ్యి మామూలుగానే కొంచెం బలంగా ఉంటుంది కాబట్టి, మీ విషయంలో రెండూ సమానమయ్యేదాకా ఆగమనే నా సలహా.

ఇక ఫెడర్ ఎత్తి వేటు వేసి ఆపినప్పుడు పీకినట్లు అనిపించిందన్నారు. అది ఊహించదగినదే. లాంగ్‌సోర్డ్ బరువు సుమారు 1.3 నుంచి 1.6 కిలోల వరకే ఉంటుంది, నిలకడగా పట్టుకోవడానికి అదేమంత భారం కాదు. చేతిని శ్రమపెట్టేది తిరుగుతున్న అలుగును ఆపడం. బరువు మారకుండా అది చేతి నుంచి ఉన్న దూరం రెట్టింపయితే, దానిని అంతే చురుకుగా తిప్పడానికీ ఆపడానికీ నాలుగు రెట్ల శ్రమ కావాలి. అందుచేత పునరావాసంలో బరువు తగ్గించడం కన్నా పొడవు తగ్గించడం ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒక కర్రను మధ్యలో పట్టుకుని ముంజేతిని అటూ ఇటూ మెల్లగా తిప్పడంతో ఆరంభించండి. అది సుఖంగా ఉన్నప్పుడు పట్టును కర్ర చివరి వైపు కొద్దికొద్దిగా జరపండి. చివరను పట్టుకుని నొప్పి లేకుండా తిప్పగలిగి, అనుకున్న చోట ఆపగలిగినప్పుడు ఫెడర్ వంతు వస్తుంది. అప్పుడు కూడా మొదటి సాధన వేటును చివరిదాకా సాగనిచ్చి వదిలేదిగా ఉండాలి. గాలిలో హఠాత్తుగా ఆపే వేట్లు ఆ తర్వాతే.

నొప్పికి ఒక కొలత పెట్టుకోండి. సున్నా నుంచి పది వరకు లెక్క వేసుకుంటే, సాధన సమయంలో 3కు మించని నొప్పి, మరునాటి ఉదయానికి మునుపటి స్థితికి వచ్చేస్తే, కొనసాగించవచ్చు. 3 దాటినా, మరునాడు బిగువు పెరిగినా, ముందరి మెట్టుకు వెనక్కి వెళ్లండి. దీనిని సాధన పుస్తకంలో రాసి పెట్టుకోమని అందరికీ చెబుతాను, ఎందుకంటే ఉత్సాహంలో ఉన్న మనిషికి నిన్నటి నొప్పి గుర్తుండదు.

చివరగా ఒక హెచ్చరిక. బొటనవేలి మధ్య కీలుకు చూపుడువేలి వైపున ఒక లిగమెంటు ఉంటుంది. వేలు బయటికి విరుచుకుపోయేలా దెబ్బ తగిలితే ఎముకతో పాటు అదీ తెగవచ్చు. పూర్తిగా తెగిన లిగమెంటు కొన కొన్నిసార్లు పక్కనున్న కండర పొర బయటికి వచ్చి ఇరుక్కుంటుంది. అప్పుడు అది తనంతట తాను అతుక్కోలేదు, శస్త్రచికిత్స కావలసి వస్తుంది. సీసా మూత తిప్పేటప్పుడు మీకు అనిపించేది కేవలం బలహీనతా, లేక కీలు పక్కకు జారిపోతున్నట్లుగా ఉంటుందా? రెండోదయితే ఏ వ్యాయామమూ మొదలుపెట్టకముందే చేతి శస్త్రవైద్యుల చేత ఆ కీలు స్థిరత్వాన్ని పరీక్ష చేయించుకోండి.

సమాధానం: కత్తి శిక్షకుడు

పై సమాధానంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. చెయ్యి సిద్ధమైన తర్వాత శిక్షణశాలలో ఏం చేయాలన్నదే నేను చెప్పగలిగింది.

గాయం తర్వాత తిరిగి వచ్చేవారిని చాలామంది శిక్షకులు వేగం ఆధారంగా ముందుకు తీసుకువెళతారు: మొదట మెల్లగా, తర్వాత మధ్యస్థంగా, ఆపైన పూర్తి వేగంతో. నా అనుభవంలో వేగం కన్నా అనూహ్యత ప్రమాదకరం. ఏ వేటు ఎటునుంచి వస్తుందో తెలిసినప్పుడు చెయ్యి దానికి ముందుగానే సర్దుకుని ఉంటుంది. తెలియనప్పుడు చివరి క్షణంలో బిగుసుకుంటుంది, వేలు పిడి మీద తప్పు చోట ఉండగానే దెబ్బ పడుతుంది. అందువల్ల పూర్తిగా తెలిసిన వేట్లకు వేగం పెంచవచ్చు గానీ, తెలియని వేట్లను మెల్లగా అయినా సరే చివరికే ఉంచాలి.

ఈ పనికి మన విద్యలోనే చక్కటి సాధనం ఉంది. మధ్యయుగపు జర్మన్ కత్తి గురువు లీక్టెనావర్ సంప్రదాయపు వ్రాతప్రతులలోనైనా, ఇటలీ గురువు ఫియోరే దీ లీబెరీ బోధనలోనైనా పాఠాలు కట్టుదిట్టమైన వరుసలుగా ఉంటాయి: వారు ఇలా వేటు వేస్తే నువ్వు ఇలా అందుకో, వారు బలంగా నొక్కితే ఇటు తిరుగు, మెత్తబడితే పోటు పొడువు. ఆ వరుసలనే తీసుకోండి. మొదట ఒకే వరుస, ఇద్దరికీ ముగింపు దాకా తెలిసి ఉండేలా చేయండి. కొన్నాళ్లకు చివరి కదలికను మాత్రం భాగస్వామి ఇష్టానికి వదలండి, అంటే నొక్కడమా మెత్తబడడమా అన్నది వారు ఎంచుకుంటారు. తర్వాత మొదటి వేటు ఏ వైపు నుంచి రావాలన్నది కూడా వారికే వదలండి. అలా ఒక్కొక్క ముడి విప్పుకుంటూ పోతే చివరికి మిగిలేది స్పారింగే. ఒక్కొక్క మెట్టు మీద ఎంతకాలం ఉండాలన్నది మీ చెయ్యి చెబుతుంది.

మీ గాయానికి ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. ట్స్వెర్ఖ్‌హావ్ వంటి అడ్డవేట్లలో బొటనవేలిని అలుగు చదును మీద ఆనిస్తాము. చేతులు తల ఎత్తులో ఉంటాయి, ఎదుటి కత్తి తాకిడి అలుగు గుండా నేరుగా బొటనవేలి మీదికే వస్తుంది. పైన చెప్పిన లిగమెంటు మీద ఒత్తిడి పడేది కూడా అప్పుడే. కాబట్టి తక్కిన వేట్లన్నీ జంట సాధనలో పూర్తి వేగానికి చేరేవరకు బొటనవేలి పట్టును పక్కన పెట్టండి. పిడిని సుత్తిలాగా మామూలుగా పట్టుకుని చేయగల విద్య ఎంతో ఉంది, మీకు కొరత ఉండదు.

వేలు ఎందుకు దొరికిపోయిందో కూడా చూసుకోవాలి. అడుగు ముందు పడి, చేతులు దాని వెంట వచ్చి, అలుగు అన్నిటికన్నా వెనక ఉంటే, ఎదుటివారికి మొదట అందేది చేతులే. 1599లో ఇంగ్లండుకు చెందిన కత్తివిద్య రచయిత జార్జ్ సిల్వర్ చెయ్యి కదలిక అడుగుకు ముందుండాలని పట్టుబట్టింది ఇందుకే. అలుగు ముందుకు పోయి దారి మూసిన తర్వాత అడుగు పడితే, ఎదుటి వేటు ఉక్కు మీద పడుతుంది. మీరు పూర్తి వేగంతో సాధన చేయలేని ఈ రోజులు ఆ వరుసను సరిదిద్దుకోవడానికి అనువైనవి. పొట్టి కర్రతోనైనా, అద్దం ముందు నిలబడి, అలుగు కదలకముందు పాదం కదులుతున్నదేమో చూసుకోండి.

గ్లౌవ్స్ మాట. గట్టి కవచం ఉన్న గ్లౌవ్స్ తప్పక వేసుకోవాలి. అయితే ఏ గ్లౌవ్‌లోనైనా బొటనవేలి తొడుగు విడిగానే ఉంటుంది, దానికీ చేతి కవచానికీ మధ్య సందు ఏర్పడేది కూడా అక్కడే. పిడి పట్టుకుని, మణికట్టును అన్ని వైపులా తిప్పి, ఆ సందు ఎప్పుడు తెరుచుకుంటుందో చూడండి. బొటనవేలి తొడుగును వేరొకరి చేత పిడి వైపు నొక్కించి, లోపలి వేలికి ఒత్తిడి తగులుతుందేమో పరీక్షించండి. తగిలితే ఆ తొడుగు దెబ్బను పంచడం లేదన్నమాట. ఇంకొకటి, మందపాటి గ్లౌవ్ వేసుకుంటే పిడి లావైనట్లే లెక్క, బొటనవేలు మరింత తెరుచుకుని మరింత బలంగా నొక్కవలసి వస్తుంది. వట్టి చేతితో హాయిగా చేసిన సాధన గ్లౌవ్‌తో నొప్పి కలిగించవచ్చు. కాబట్టి వేగం పెంచకముందే గ్లౌవ్ వేసుకుని పాత మెట్టును మళ్లీ ఒకసారి చేయండి.

నైలాన్ కత్తి విషయానికి వస్తే, ఉక్కుకు ముందు ఒక మెట్టుగా దానితో తేలికపాటి స్పారింగ్ చేయించడం నాకు సమ్మతమే.

సమాధానం: చేతి ఫిజియో

శిక్షకుడు గారు చెప్పిన అనూహ్యత సూత్రం ఎంతో విలువైనది. అయితే నైలాన్ విషయంలో నా అభిప్రాయం వేరు. నైలాన్ కత్తి తేలిక కాబట్టి దానితో ఆడేవారు తెలియకుండానే వేగం పెంచుతారు, పలుచని గ్లౌవ్స్ చాలుననుకుంటారు. ఉక్కుతో ఆడేటప్పుడు ఉండే జాగ్రత్త సడలుతుంది. వేలు విరగడానికి నైలాన్ కూడా సరిపోతుంది. ఒంటరి సాధనకు, తెలిసిన వరుసలకు నైలాన్ వాడండి, అభ్యంతరం లేదు. స్పారింగ్ అంటూ చేస్తే మాత్రం మెత్తటి ఫోమ్ కత్తితో మొదలుపెట్టి, అక్కడి నుంచి పూర్తి కవచంతో ఉక్కుకు వెళ్లడం ఈ వేలికి క్షేమం. కాలం గురించి అడిగారు కాబట్టి: కదలిక, బలం, స్థిరత్వం మూడూ సమకూరినా, విరిగిన రోజు నుంచి మూడు నెలలు నిండకుండా ఉక్కుతో స్పారింగ్‌కు నేను సరేననను. పోటీలకు ఇంకా ఆగమంటాను.

సమాధానం: కత్తి శిక్షకుడు

ఫోమ్‌తో మొదలుపెట్టడం మేలని ఒప్పుకుంటున్నాను. ఒక్క షరతు: ఫోమ్ కత్తికి తాకిడి అంతగా తెలియదు కాబట్టి దానితో ఎక్కువకాలం గడిపితే ఎదుటి వేటును లెక్కచేయకుండా దూసుకుపోయే అలవాటు పడుతుంది. ఉక్కులో ఆ అలవాటే చేతులను దెబ్బకు అందిస్తుంది. కాబట్టి దానిని కొద్దికాలానికే పరిమితం చేయాలి.

సమాధానం: క్రీడా వైద్యురాలు

చేతి గురించి చక్కటి సలహాలు వచ్చాయి. నేను మీ ప్రశ్నలోని చివరి మాట దగ్గర ఆగిపోయాను. మాస్క్ మీద దెబ్బ పడి తల దిమ్మెక్కడం కంకషన్ (కుదుపు వల్ల మెదడుకు తగిలే గాయం) లక్షణం కావచ్చు. కంకషన్ కావడానికి స్పృహ తప్పనక్కరలేదు, చాలా కంకషన్లలో స్పృహ తప్పదు. ఆ తర్వాతి రోజుల్లో తలనొప్పి, వెలుతురు గానీ శబ్దం గానీ భరించలేకపోవడం, నిద్రలో తేడా, చదువుతున్నప్పుడు మనసు నిలవకపోవడం, అకారణమైన చిరాకు ఏమైనా ఉన్నాయా? ఇప్పటికీ ఉన్నాయా? వ్యాయామంలో గుండె వేగం పెరిగినప్పుడు తల బరువెక్కుతుందా? దయచేసి వీటికి సమాధానం ఇవ్వండి, మీ వైద్యులకు కూడా ఆ దెబ్బ సంగతి తప్పక చెప్పండి.

మాస్క్ ఉంది కదా అన్న నిశ్చింత మన క్రీడలో చాలా ఎక్కువగా కనిపిస్తుంది. మనం వాడే మాస్కులు చాలావరకు ఆధునిక ఫెన్సింగ్ కోసం రూపొందినవి. ఆ క్రీడలో ఫాయిల్, సేబర్ కత్తులు 500 గ్రాములకు మించరాదు, ఎపే 770 గ్రాములకు మించరాదు. లాంగ్‌సోర్డ్ దానికి రెండు మూడు రెట్ల బరువు, పైగా రెండు చేతులతో వేస్తాము. జాలి తెగి అలుగు లోపలికి రాకుండా చూడడమే మాస్క్ ముఖ్యమైన పని. తల ఒక్కసారిగా కదిలి, పుర్రె లోపల మెదడు కుదుపుకు గురికావడాన్ని అది ఆపలేదు. మాస్క్ మీద వేసే మందపాటి తొడుగు, తల వెనక భాగానికి కవచం తప్పక మేలు చేస్తాయి, వాటిని మానవద్దు. కానీ వాటిని వేసుకున్నంత మాత్రాన కంకషన్ రాదని అనుకోరాదు. పూర్తి ఉక్కు కవచాలతో బూహర్ట్ పోరాటాలు చేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. వారి శిరస్త్రాణం ఎంత మందంగా ఉన్నా లోపలి మెదడు కుదుపు కుదుపే.

క్రీడల్లో కంకషన్ మీద 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశపు మార్గదర్శకాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం, చీకటి గదిలో రోజుల తరబడి పడుకోవడం ఇప్పుడు సిఫారసు కాదు. మొదటి 24 నుంచి 48 గంటలు పనులూ తెరలూ తగ్గించుకుంటూనే, నడక వంటి తేలిక వ్యాయామం మొదలుపెట్టవచ్చు. లక్షణాలు కొద్దిగా, అంటే పదింటిలో రెండు అంకెలకు మించకుండా, గంటలోపు తగ్గిపోయేలా పెరిగితే పరవాలేదు. మొత్తం ఆరు మెట్లు ఉంటాయి, ఒక్కొక్కదానికి కనీసం 24 గంటలు పడుతుంది. మన సాధనకు అన్వయిస్తే, మూడో మెట్టులో ఒంటరి అడుగులూ వేట్లూ వస్తాయి. తలకు దెబ్బ తగలే వీలున్న నాలుగో మెట్టు నుంచి లక్షణాలు పూర్తిగా పోయి, వైద్యుల అనుమతి వచ్చిన తర్వాతే అడుగు పెట్టాలి. స్పారింగ్ ఐదో మెట్టు, పోటీ ఆరోది.

ఈ సమాధానం చదివే తక్కినవారి కోసం కూడా రాస్తున్నాను. తలకు దెబ్బ తగిలి ఏ కొంచెం తేడా అనిపించినా ఆ రోజు మళ్లీ కత్తి పట్టరాదు, ఎంత బాగున్నాననిపించినా సరే. మొదటిది మానకముందు తగిలే రెండో దెబ్బ అరుదుగానైనా మెదడు వాపుతో ప్రాణం మీదికి తెస్తుంది. తలనొప్పి అంతకంతకూ పెరగడం, పదేపదే వాంతులు, మూర్ఛ, చెయ్యో కాలో బలహీనపడడం, మాట తడబడడం, మెడ ఎముక మీద నొప్పి, మగతగా పడిపోవడం ఉంటే వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి. శిక్షకుడు గారు చెప్పినట్లు అనూహ్యతను చివరికి ఉంచడం తలకు కూడా సరిపోతుంది. చేతికీ తలకూ రెండు వేర్వేరు మెట్ల వరుసలు ఉన్నాయనుకుని, వాటిలో వెనకబడి ఉన్నదానిని బట్టి నడవండి.

అడిగినవారి స్పందన: లాంగ్‌సోర్డ్ అభ్యాసి

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, ఆ తర్వాత రెండు మూడు రోజులు తలనొప్పి ఉండినది, చేతికి వాడిన మందుల వల్లనేమో అనుకున్నాను. ఇప్పుడు ఏ లక్షణమూ లేదు, పరుగెత్తినా తల తేలికగానే ఉంటున్నది. అయినా దెబ్బ సంగతి చెప్పి పరీక్ష చేయించుకుంటాను. ఫిజియో గారూ, మూత తిప్పేటప్పుడు కీలు జారినట్లు ఏమీ లేదు, కేవలం బలహీనతే. అయినా కీలు పరీక్ష కూడా అడుగుతాను. కపాంజీ కొలమానంలో కుడిచెయ్యి 6 దగ్గర ఆగిపోయింది, ఎడమచెయ్యి 10కి చేరుతున్నది.

ఇంకా రెండు సందేహాలున్నాయి. ఈ కాలంలో ఎడమచేతితో ఒంటిచేతి కత్తి సాధన చేయవచ్చా? మరొకటి, భాగస్వామి కత్తి నా చేతి వైపు వచ్చేటట్లు ఊహించుకుంటేనే చెయ్యి వెనక్కి పోతున్నది. దానికి ఏదైనా మార్గం ఉందా?

సమాధానం: చేతి ఫిజియో

ఎడమచేతి సాధన చేయవచ్చు, చేయాలి కూడా. ఒక చేతికి బలపు శిక్షణ ఇస్తే రెండో చెయ్యి కూడా కొంత బలపడుతుందని 1894లోనే యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం గమనించింది. తర్వాత జరిగిన ఎన్నో పరిశోధనలు దానిని నిర్ధారించాయి. ఈ లాభం కండరం పెరగడం వల్ల కాదు, నాడీవ్యవస్థ నేర్చుకోవడం వల్ల వస్తుంది. గాయపడిన అవయవం పనిచేయలేని రోజుల్లో బలం మరీ తగ్గిపోకుండా అది కాపాడుతుంది. అయితే తేలిక కదలికలతో అంతగా ప్రయోజనం ఉండదు, ఎడమచేతికి నిజంగా బరువైన పని ఇవ్వాలి. పిడికిలి బలం, మణికట్టు తిప్పడం, భుజం మీదుగా లాగడం వారానికి మూడు రోజులు చేయండి. ఒంటిచేతి కత్తి దానికి అదనం. కాళ్ల సంగతి మీకు తెలిసిందే: స్క్వాట్లు, లంజులు, ఒంటికాలి మీద నిలకడ, పిక్కల వ్యాయామం ఏదీ మానవలసిన పని లేదు. బార్‌ను చేత్తో బిగించి పట్టుకునేవి మాత్రం ఇప్పుడు వద్దు.

కుడిచెయ్యి 6 దగ్గర ఉంది కాబట్టి ఫెడర్‌ను ఇప్పటికి పక్కన పెట్టి, కదలిక వ్యాయామాలే చేయండి. రెండు మూడు వారాలు క్రమం తప్పకుండా చేసినా అంకె పెరగకపోతే మరింత గట్టిగా లాగే ప్రయత్నం చేయకండి. స్నాయువు అంటుకుపోయిందేమో చూడడానికి చేతి చికిత్సకుల దగ్గరకు వెళ్లండి. స్ప్లింట్ తీసిన తర్వాత మొదటి వారాల్లో కదిలినంత సులభంగా ఆ పొరలు తర్వాత కదలవు, కాబట్టి ఆలస్యం చేయవద్దు.

సమాధానం: కత్తి శిక్షకుడు

చెయ్యి వెనక్కి పోవడం గురించి. ఆ భయం సహజం. దానిని గదమాయించి అణచవద్దు. అలా చేస్తే చెయ్యి బిగుసుకుంటుంది, బిగిసిన చెయ్యే ఎక్కువ దెబ్బతింటుంది. గాయపడిన చేతిని ఒంటికి ఆనించి ఉంచుకుని, ఎడమచేతిలో కర్రతో, భాగస్వామి మెల్లగా వేసే వేట్లను దూరం చూసుకుని తప్పించుకునే సాధన చేయండి. దీనికి కుడిచెయ్యి సిద్ధం కానక్కరలేదు. మాస్క్ వేసుకుని, ఫోమ్ కత్తి అయితేనే, డాక్టరు గారి అనుమతి వచ్చాకనే చేయండి. వేటు తనను అందుకోలేని దూరం ఎంతో కళ్లకు మళ్లీ నమ్మకం కుదిరితే, చెయ్యి తనంతట తాను నిలబడుతుంది.

తర్వాత కుడిచేతికి గ్లౌవ్ వేసుకునే రోజు వచ్చినప్పుడు, భాగస్వామి చేత ఆ గ్లౌవ్ మీద ఫోమ్ కత్తితో మీకు ముందే చెప్పి, మెల్లగా తట్టించుకోండి. ఎంత బలంతో తట్టాలో ప్రతిసారీ మీరే చెప్పాలి. బొటనవేలి తొడుగు మీద పడే దెబ్బకు చెయ్యి కదలకుండా ఉన్నప్పుడే తెలిసిన వరుసల జంట సాధన మొదలుపెట్టండి. భాగస్వామిగా అందరికన్నా వేగమైనవారిని కాకుండా, తన వేటును అనుకున్న చోట ఆపగలిగినవారిని ఎంచుకోండి. మీ గాయం ఎక్కడ ఉందో, ఈ రోజు ఏ మెట్టు వరకు అన్నదీ సాధనకు ముందే వారికి చెప్పండి, మీ శిక్షకులకు కూడా చెప్పి ఉంచండి.